ఫ్లెక్సీలో అల్లుడుగారు

జూన్ 2

ఇంగ్లీషులో రాస్తే నాకు హాస్యం దానంతటదే వచ్చేస్తుంది. వద్దన్నా ఆగదు. రెండు వాక్యాలు పూర్తయ్యేలోపు ఎవరో ఒకరు నవ్వాలని చూస్తుంటాను. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి ఎవరినీ నవ్వించక్కర్లేదు. పైగా తెలుగులో వెటకారం నాకింకా పూర్తిగా పట్టుబడలేదు. నా భార్య హెలెన్ ఈ మాట వింటే ఒప్పుకోదు.

వీసా పొడిగింపు ఇంకా రాలేదు. ఏటా మే నెలాఖరుకల్లా వచ్చేసేది. కంగారేమీ లేదు.

జూన్ 5

నార్ఫోక్‌లో ఎవరో ఒక చెరువుగట్టున కెమెరా పెట్టి, ఆ చెరువును రాత్రింబవళ్ళు ఇంటర్నెట్‌లో చూపిస్తున్నారు. ఏమీ జరగదు. ఎప్పుడైనా ఒక నీటికోడి అటునుంచి ఇటు వెళుతుంది. అది వెళ్ళిన రోజు ప్రపంచం నలుమూలల నుంచి జనం కింద కామెంట్లు పెడతారు. బ్రెజిల్ నుంచి ఒకావిడ "ఈ రోజు కాస్త నీరసంగా ఉన్నట్టుంది" అని రాసింది. నేను గంటన్నర చూశాను. దీని మీద నా ఇంగ్లీషు బ్లాగులో రాశాను. బాగానే వచ్చింది.

మా అత్తయ్య పాపాయిగారు పక్కగదిలో ఉంటూ రోజూ తెల్లవారగానే నాకు వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పంపుతారు. ఒక గులాబీ, వెనకాల సూర్యోదయం, కింద కీర్తనల్లోంచి ఒక వచనం. ఆ తర్వాత కాఫీ తెచ్చి నోటితో కూడా చెబుతారు. ఇంటర్నెట్‌లో ఎన్ని వింతలు చూశానో గానీ ఇంతటిది దొరకలేదు. బ్లాగులో ఆవిడ గురించి ఎన్నోసార్లు రాశాను, కాకపోతే "మా ఇంటి ఓనరమ్మ" అని. అత్తగారి మీద జోకంటే మా ఇంగ్లీషువాళ్ళు పాత సరుకని మొహం తిప్పుకుంటారు. ఇల్లు ఆవిడ పేరు మీదే ఉంది కాబట్టి అబద్ధం కూడా కాదు.

హెలెన్ బడి తెరిచేలోగా బీరువాలు సర్దుతోంది. ఆమె లెక్కల టీచరు. బీరువా సర్దినా లెక్కల టీచరులాగే సర్దుతుంది.

జూన్ 9

ఐజాక్ వచ్చాడు. హెలెన్ తమ్ముడు. బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపు అతనిది. వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డుకి నిలబడాలని కూడా చూస్తున్నాడు. పెదబాబుగారనే నాయకుడి వెనకాల తిరుగుతున్నాడు. ఆ పెదబాబుగారి పుట్టినరోజు దగ్గరికొచ్చింది.

ఫ్లెక్సీల మీద నాకొక సిద్ధాంతం ఉంది. బ్లాగులో అందరికీ నచ్చినవాటిలో అదొకటి. పైన పెద్ద నాయకులు, మధ్యలో నల్లకళ్ళజోడుతో నడిచివస్తున్న ఊరి నాయకుడు, కింద వరసగా పాస్‌పోర్టు ఫొటోల్లా చిన్న చిన్న తలకాయలు, "శుభాకాంక్షలతో" అంటూ. ఏ తల ఏ తలకన్నా ఎంత పెద్దదో కొలిస్తే ఊళ్ళో అధికారం ఎక్కడుందో తెలిసిపోతుంది. మా దేశంలో రాజ్యాంగం ఎక్కడా ఒకచోట రాసి ఉండదు, వెతుక్కోవాలి. కొవ్వూరులో బస్టాండు దగ్గర కట్టి ఉంటుంది. మా ప్రధానులు మారినంత తొందరగా మారదు కూడా.

ఇదంతా ఒకసారి ఐజాక్‌కి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. నిజమే కదా బావగారూ, దీన్ని నవ్వుకింద రాశారేంటి అన్నాడు.

వెళ్ళేటప్పుడు నా ఫొటో ఒకటి తీసుకున్నాడు, పోయిన ఏడు వాళ్ళ పెదనాన్న కూతురి పెళ్ళిలో పంచె కట్టుకుని దణ్ణం పెడుతున్నది. ఎందుకని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది. కానీ ఏం జరుగుతుందో చూడాలని నాకెప్పుడూ సరదా.

జూన్ 14

ఉన్నాను. కింద వరసలో, ఎడమనుంచి మూడో తల. "శ్రీ రోలండ్ గారు (ఇంగ్లాండ్)". నా బుగ్గలు ఐజాక్ కంప్యూటర్లో కాస్త గులాబీరంగు అయ్యాయి. కూరగాయల మార్కెట్ దగ్గర ఒకటి, వంతెన దిగేచోట ఒకటి, మా వీధి మొదట్లో ఒకటి.

చెప్పకుండా వేశావేంటయ్యా అని అడిగితే ఐజాక్ నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"మిమ్మల్నొదిలేసి మా చుట్టాలందరి మొహాలూ వేస్తే రేపొద్దున్న వీధిలో తలెత్తుకోగలనా బావగారూ? అల్లుడితో ఏదో గొడవైందనుకుంటారు."

నిజమే. మా లూథరన్ పేటలో అందరికీ నేను అల్లుడుగారినే. మొదటి ఏడాది ఇంగ్లీషల్లుడుగారు అనేవాళ్ళు, తర్వాత మొదటి ముక్క అరిగిపోయింది. నాకు చాలా సంతోషంగా ఉంది. ఫ్లెక్సీ చూడ్డానికని మార్కెట్‌కి రెండుసార్లు వెళ్ళాను.

హెలెన్ ఫ్లెక్సీ చూసి "పంచె బాగా కట్టుకున్నారు" అంది. కట్టింది తనే.

జూన్ 15

"చివరికి రాజకీయాల్లో దిగాను" అని బ్లాగులో పెట్టాను, ఫ్లెక్సీ ఫొటోతో సహా. నా ఎన్నికల ప్రణాళిక కూడా రాశాను. నేను గెలిస్తే కొవ్వూరు కుక్కలకి రోడ్డు మధ్యలో పడుకునే హక్కును చట్టబద్ధం చేస్తాను. ప్రతి కరెంటు స్తంభానికీ తనకు నచ్చిన పార్టీ ఎంచుకునే స్వేచ్ఛ. ఇలాంటివి. ఎప్పుడూ లేనంతమంది చదివారు. న్యూజిలాండ్ నుంచి ఒకాయన నాకే ఓటేస్తానన్నాడు.

పొడిగింపు రాలేదు. కంగారేమీ లేదు.

జూన్ 23

రాజమండ్రి నుంచి ఫోను. విదేశీయుల సెక్షన్ నుంచి ఫణిశ్రీగారని కొత్త ఆఫీసరు. గురువారం వచ్చి కనబడాలట. నా మీద ఫిర్యాదు వచ్చిందట, విదేశీయుడు రాజకీయ ప్రచారం చేస్తున్నాడని. ఫ్లెక్సీ ఫొటో జతచేశారట. నా బ్లాగు కూడా జతచేశారట.

ఎవరు పంపారో ఐజాక్ సాయంత్రానికల్లా కనుక్కున్నాడు. అవతలి వర్గంవాళ్ళు. వాళ్ళకి మన మీద పగేమీ లేదు బావగారూ, వాళ్ళ ఫ్లెక్సీలో తెల్లాయన లేడని కుళ్ళు, అంతే అన్నాడు. తర్వాత తలకాయ పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. నేనే ఓదార్చాల్సి వచ్చింది.

హెలెన్ ఒక్కటే అడిగింది, పొడిగింపు ఇవ్వకపోతే ఏమవుతుందని. వెళ్ళిపోవాలి, మళ్ళీ అక్కడినుంచి దరఖాస్తు చేసుకోవాలి, ఇస్తే రావాలి అని చెప్పాను. "ఇస్తేనా?" అంది. ఇవ్వకపోవడమేంటి, అక్కడైతే కెమెరా లేకుండానే నీటికోడిని చూడొచ్చు అన్నాను. ఆమె నవ్వలేదు.

జూన్ 26

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఫణిశ్రీగారికి ముప్పై దాటి ఉండవు. ఎదుటి మనిషి మాట్లాడేదంతా విని, పెన్సిలుతో రాసుకుని, అప్పుడు తలెత్తే మనిషి. బల్ల మీద నా బ్లాగు మొత్తం ప్రింటు తీసి పెట్టి ఉంది. నేను ఇన్నేళ్ళుగా రాసింది ఒక్కచోట కట్టగా చూడటం నాకు అదే మొదలు. చాలా లావుగా ఉంది.

రాజకీయాల్లో దిగాను అని రాశారు, దిగారా అని అడిగారు. లేదండీ, అది జోకు అన్నాను. ఏదండీ అన్నారు. చూపించాను. ఆవిడ పక్కన పెన్సిలుతో "జోకు" అని రాసుకున్నారు. కుక్కల హక్కు? అదీ జోకేనండీ. రాశారు. కరెంటు స్తంభాలు? అలా ఒక్కో వాక్యమూ. ఎందుకు నవ్వాలో నేను వివరించడం, ఆవిడ నవ్వకుండా నమోదు చేసుకోవడం. ఇంగ్లీషువాడికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఏ దేశపు చట్టంలోనూ ఉండదు.

చివరికి ఆవిడే, ఫ్లెక్సీ సంగతి వదిలేద్దామండీ అన్నారు. వాళ్ళది రామచంద్రపురం దగ్గర పల్లెటూరట. వాళ్ళింట్లో కూడా బావగారి మొహం వేయకపోతే ఆర్నెల్లు మాటలుండవట. నేను హమ్మయ్య అనుకుని కుర్చీలోంచి సగం లేచాను.

కూర్చోమన్నారు.

"మీది పెళ్ళి మీద వచ్చిన వీసా కదండీ. నేనిది మొదటినుంచీ చదివాను. ఇందులో మీ భార్య ఎక్కడున్నారు?"

బ్లాగు పేరు "గోదావరి ఒడ్డున ఒంటి మనిషి". ఆవిడ పేజీలు తిప్పుతూ చదివారు. ఒక అద్దె గది. ఒక ఓనరమ్మ. ఓనరమ్మ కొడుకు, ఫ్లెక్సీల షాపు. సొంతంగా వండుకుని మాడ్చిన పప్పు. గోడ మీద బల్లి, దానితో సాయంత్రం కబుర్లు. నేను నవ్వాను. నవ్వకూడదని నవ్వాక తెలిసింది.

బల్లి కూడా ఉందండీ, ఆవిడ లేరు అన్నారు ఫణిశ్రీగారు. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగారు, అదే కష్టంగా ఉంది. కాగితాల మీద పెళ్ళి చేసుకుని వీసా తెచ్చుకున్నవాళ్ళని ఆవిడ ఇంతకుముందు చూశారట. జూలై పదిన ఇద్దరూ కలిసి రావాలి. హెలెన్‌ని విడిగా కూడా ఒక మాట అడుగుతారట. ఈలోగా ప్రతి పేజీ మీద ఇది నేనే రాశానని సంతకం పెట్టాలి. ఒక ప్రతి నాకిచ్చారు.

సంతకాలు పెట్టేసరికి మధ్యాహ్నమైంది. బస్సులో వంతెన మీద వస్తుంటే కింద గోదావరి కొత్తనీటికి అప్పుడే ఎర్రబడుతోంది. ఆ కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. హెలెన్ దీన్ని ఎప్పుడూ చదవలేదు. మీ జోకులు నాకర్థం కావండీ అని పెళ్ళైన కొత్తలోనే చెప్పేసింది. నాకూ అది హాయిగానే ఉండేది.

జూన్ 27

దాచిపెట్టాలా అని రాత్రి అనుకున్నాను. పొద్దున్న అడిగేసింది. ఇచ్చేశాను.

బడి నుంచి వచ్చి, స్నానం చేసి, భోజనాల బల్ల దగ్గర కూర్చుని మొదటి పేజీ నుంచి చదివింది. అలవాటు కొద్దీ చేతిలో ఎర్రపెన్ను. ఎక్కడా ఏమీ గీయలేదు. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఉన్నాను, సర్దినవే మళ్ళీ సర్దుతూ. ఒకచోట నవ్వినట్టు వినిపించింది. ఎక్కడో అడగాలని నోటిదాకా వచ్చింది.

చీకటిపడ్డాక పెన్నుకి మూత పెట్టింది.

"మీకు పెళ్ళి కాలేదని నాకు తెలీదండి" అంది.

లేచి వెళ్ళి అన్నం వడ్డించింది. నాకు కూడా.

జూన్ 28

హెలెన్ మాట్లాడింది. పాలవాడికి రేపు అర లీటరు చాలని చెప్పమంది.

జూన్ 29

చర్చిలో హెలెన్ ఆడవాళ్ళ వైపు కూర్చుంది. ఎప్పుడూ అటే కూర్చుంటుంది, ఆడవాళ్ళు అటూ మగవాళ్ళు ఇటూ. ఈ రోజు దూరంగా కూర్చుందనిపించింది.

జూన్ 30

ఉప్పు ఎక్కువైందా అని అడిగింది. లేదన్నాను. ఎక్కువే అయింది.

జూలై 1

పాపాయిగారికి తెలిసిపోయింది. అల్లుడు కంప్యూటర్లో తన గురించి ఏళ్ళ తరబడి రాస్తున్నాడనీ, న్యూజిలాండ్‌లో కూడా తన గుడ్ మార్నింగుల కోసం ఎదురుచూస్తున్నారనీ ఐజాక్ చెప్పాడట. ఆవిడ ఆనందం ఇంతా అంతా కాదు. వీధిలో ప్రతి గడపకీ వెళ్ళి చెప్పొచ్చారు. ఓనరమ్మ అని రాశానంటే, ఇల్లు నాదే కదా, తప్పేముంది అన్నారు. పక్కింటి ఎజ్రాగారు కూడా వచ్చి, తన మేక గురించి రాశానని తెలిసి, ఏం రాశానో చదివించుకున్నారు. మేక గురించి రెండు పేజీలుంది.

ఈ సంబరమంతా మా ముందరి గదిలోనే జరిగింది. హెలెన్ అందరికీ టీ ఇచ్చింది. వీధిలో ఉన్నవాళ్ళందరూ అందులో ఉన్నారు, హెలెన్ తప్ప. ఈ సంగతి అప్పుడు గదిలో ముగ్గురికే తెలుసు, ఆమెకీ నాకూ ఐజాక్‌కీ.

అందరూ వెళ్ళాక ఐజాక్ నన్ను పక్కకి పిలిచి ఉపాయం చెప్పాడు. బ్లాగులో పాత తేదీలు వేసి పోస్టులు పెట్టొచ్చట. "అక్క గురించి ఒక పదిహేను రాసి వెనక్కి పెట్టేయండి బావగారూ. పండగలకొకటి, పెళ్ళిరోజుకొకటి. మళ్ళీ చూస్తే ఉంటాయి కదా." అతను ఫ్లెక్సీల్లో చనిపోయినవాళ్ళ పక్కన బతికున్నవాళ్ళని నిలబెట్టే మనిషి, ఇదో లెక్క కాదు. ఆఫీసులో ప్రింటు ఉందయ్యా అన్నాను. అవునన్నట్టు తలూపి, పోనీ నాలుగైదు పెట్టండి అన్నాడు.

జూలై 3

ప్రయత్నించాను. మోసం చేద్దామని కాదు. ఎలా వస్తుందో చూద్దామని. అలాగే అనుకున్నాను.

మొదటిది పరీక్ష పేపర్లు దిద్దే హెలెన్ గురించి. నాలుగు వాక్యాలు రాసేసరికి అందులో ఒక తమాషా టీచరు తయారైంది, ముక్కు మీద కళ్ళజోడు, చేతిలో బెత్తం. హెలెన్‌కి కళ్ళజోడు లేదు. కొట్టేశాను. రెండోది మా పెళ్ళి గురించి. పాస్టరుగారు నా పేరు ఎలా పలికారో ఒక పేరా అంతా అదే సరిపోయింది. పెళ్ళికూతురు రాలేదు. మూడోది మొదలుపెట్టలేదు.

బ్లాగు మొదలుపెట్టినప్పుడు నేను నిజంగానే ఒంటివాణ్ణి. కాగితం ఫ్యాక్టరీలో కొత్త యంత్రం బిగించడానికి ఆర్నెల్లకని వచ్చి, రాజమండ్రిలో అద్దె గదిలో ఉండేవాణ్ణి. ఆ బల్లి నిజం. ఆ పప్పు నిజం. చదివేవాళ్ళకి ఆ ఒంటి మనిషి నచ్చాడు. పెళ్ళయ్యాక చెప్పేద్దామనుకున్నాను. వచ్చేవారం, వచ్చేనెల అనుకున్నాను. వాళ్ళు అతనికి అలవాటుపడ్డారు. నేనూ పడ్డాను. ఆ తర్వాత ఎప్పుడు చెప్పినా, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న ఇప్పుడు ఒక ఆఫీసరు అడిగారు.

జూలై 5

ఈ డైరీ మొదటినుంచీ చదివాను. తెలుగులో వెటకారం రాదని రాసుకున్నాను. బాగానే వచ్చింది.

జూలై 8

ఇవాళ అడిగాను, ఎల్లుండి వస్తావా అని. సెలవు పెట్టాలి కదా అంది. పెట్టిందో లేదో చెప్పలేదు.

దొడ్లో బట్టలు ఆరేస్తోంది. నేను బకెట్ పట్టుకుని వెనకాలే తిరిగాను. మూడు దుప్పట్లదాకా ధైర్యం చాలలేదు. నాలుగోదానికి చెప్పేశాను, నీ మీద జోకులు వెయ్యడం నాకిష్టం లేకనే రాయలేదని. ఇది నిజం. చాలా రోజులుగా ఇదే నా జవాబు, నాకు నేను చెప్పుకునేది కూడా. చెప్పేటప్పుడు గొప్పగా కూడా అనిపించింది.

ఆమె దుప్పటి అంచులు సరిచేసి క్లిప్పులు పెట్టింది.

"జోకు వెయ్యమని నేననలేదు కదండీ. ఉన్నానని కూడా రాయలేదు."

నాకు సిగ్గేసింది. సిగ్గే, ఇంకో మాట లేదు. నోట్లోకి ఒక చమత్కారం రాబోయింది, చూస్తూ చూస్తూ మింగేశాను. బకెట్ కింద పెట్టి క్షమించమన్నాను. ఇంగ్లీషులో సారీ అని రోజుకి ఇరవైసార్లు అంటాను, తలుపు తగిలినా అంటాను. తెలుగులో ఆ మాట ఆమెతో అనడం ఇదే మొదటిసారి.

ఆమె ఖాళీ బకెట్ నా చేతికిచ్చింది.

నేను వెళ్ళిపోవాల్సి వస్తే ఈ దొడ్డి, ఈ తీగ, ఈమె ఇలా తడిచేతులతో నిలబడటం, వీటిలో ఏ ఒక్కటీ నేను ఎక్కడా రాసిపెట్టుకోలేదు. చెరువుని గంటన్నర చూశాను. నాకు భయంగా ఉంది. చాలా భయంగా ఉంది.

జూలై 10

పొద్దున్న గంజిపెట్టిన నేత చీర కట్టుకుని తయారై గుమ్మంలో నిలబడింది. నా చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద ఉంది. ఐజాక్ షాపు మూసేసి బండి మీద మా బస్సు వెనకాలే వచ్చాడు, వద్దన్నా వినలేదు. మేం బస్సెక్కక ముందే పాపాయిగారు నాకు దేవుడి వాగ్దానం తప్పిపోదనే వచనం ఒకటి పంపారు. ఈసారి గులాబీ లేదు.

ఫణిశ్రీగారు ముందు నన్ను బయట కూర్చోబెట్టి హెలెన్‌తో మాట్లాడారు. బెంచీ మీద కూర్చుని ఎదురుగా గోడ మీది క్యాలెండర్ చదివాను. తిథులతో సహా చదివాను. తర్వాత నన్ను లోపలికి పిలిచారు. ఇల్లు, వంట, బ్యాంకు, అత్తగారి మందులు, అన్నీ అడిగారు. ఇద్దరం చెప్పింది ఒక్కలాగే ఉన్నట్టుంది, కాగితం మీద టిక్కులు పడుతున్నాయి. చివరికి ఆ కట్ట ముందుకు జరిపారు.

ఇన్నేళ్ళూ మీ భార్య గురించి ఎందుకు రాయలేదండీ అని అడిగారు.

బస్సులో రెండు జవాబులు తయారు చేసుకున్నాను. ఒకటి మర్యాదైనది, ఒకటి తెలివైనది. హెలెన్ పక్కనే ఉంది, చేతులు హ్యాండ్‌బ్యాగు మీద పెట్టుకుని. రెండూ పోయాయి.

"ఆవిడ గురించి రాయాలంటే నవ్వించకుండా రాయాలండీ. అలా రాయడం నాకు రాదు. రాదని ఎవరికీ తెలియకూడదని ఆవిణ్ణే తీసేశాను."

ఫణిశ్రీగారు పెన్సిలు తీసుకున్నారు. ఇది జోకాండీ అని అడిగారు. కాదండీ అన్నాను. రాసుకున్నారు.

తర్వాత హెలెన్ వైపు తిరిగి, మీరు ఇదంతా చదివారా అన్నారు. చదివానండి అంది హెలెన్. చదివితే మీకేమనిపించిందండీ అన్నారు.

 లెక్క బోర్డు మీద వేసేముందు ఒక్క క్షణం ఆగే అలవాటు ఉంది హెలెన్‌కి. ఫ్యాను తిరుగుతోంది. ఈమె ఏ మాటన్నా అది న్యాయమే అనుకున్నాను. ఏదీ అనకపోయినా న్యాయమే.

"అందులో రాసినాయనెవరో నాకు తెలీదండి. ఆయనకి పెళ్ళవలేదు. ఈయన మా ఆయన."

ఆఫీసరుగారు దాన్ని ఉన్నదున్నట్టు రాసి, కింద హెలెన్ చేత సంతకం పెట్టించారు. పై అధికారికి పంపిస్తాననీ, పది రోజుల్లో మెసేజ్ వస్తుందనీ చెప్పారు. ఏమొస్తుందో చెప్పలేదు.

మెట్లు దిగాం. కింద ఐజాక్ ఏమైంది బావగారూ అని అడుగుతున్నాడు. హెలెన్ ముందు నడుస్తోంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది, నేను పక్కన కూర్చున్నాను. వంతెన మొత్తం దాటేదాకా ఇద్దరం నీళ్ళు చూశాం. దాటాక ఆమె హ్యాండ్‌బ్యాగు నా ఒళ్ళో పెట్టింది.

జూలై 13

రాలేదు.

జూలై 15

రాలేదు. ఈసారి కంగారుగా ఉంది. హెలెన్‌కి కూడా చెప్పాను, కంగారుగా ఉందని. నాకూ ఉందండి అంది.

జూలై 16

బ్లాగులో ఏమీ పెట్టలేదు. బ్రెజిల్ ఆవిడ నా ఆరోగ్యం బాగుందా అని అడిగింది. జవాబివ్వలేదు. ఇస్తాను. ఏమనివ్వాలో ముందు హెలెన్‌ని అడగాలి.

జూలై 19

మెసేజ్ వచ్చింది. ఏడాది ఇచ్చారు.

హెలెన్ స్లిప్ టెస్టు పేపర్లు దిద్దుతోంది. ఫోను తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. పెన్ను పక్కన పెట్టి మెసేజ్ చదివింది, మళ్ళీ మొదటినుంచి చదివింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, ఫోను నా వైపు జరిపి, పెన్ను అందుకుంది. ఒక పేపరు దిద్దింది. ఇంకొకటి తీసింది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ రాసే ఆయన్ని కూడా ఓసారి ఇంటికి తీసుకురండి. చాలా నవ్విస్తాడట కదా. వీధిలో అందరూ చూశారు, నేనొక్కదాన్నే చూడలేదు."